రాజుగారి మంత్రాంగం: మంత్రిపరిషత్తు నుంచి ప్రివీ కౌన్సిల్ దాకా తరచుగా అడిగే ప్రశ్నలు

పోటీ పరీక్షలకు చదివేవాళ్లకూ, శాసనాల మీద కొత్తగా ఆసక్తి పుట్టినవాళ్లకూ పనికొచ్చేలా ఈ ప్రశ్నలు ఎంచాం. ఏ కాలపు సలహా మండలి గురించి చదువుతున్నా మూడు సంగతులు వెతకండి. సభ్యుడికి జీతం ఏ రూపంలో వస్తోంది, ముద్ర ఎవరి చేతిలో ఉంది, మాట్లాడుకున్నది ఎవరు రాసిపెడుతున్నారు. మండలికి ఎంత బలం ఉందో ఈ మూడింటి దగ్గరే తేలిపోతుంది. బిరుదులు చూసి మోసపోవద్దు.

మంత్రిపరిషత్తు అంటే ఇప్పటి మంత్రివర్గమేనా?

కాదు. పేరు ఒకటే, పని తీరు వేరు. ఇప్పటి మంత్రివర్గం చట్టసభకు జవాబు చెప్పాలి. పాత మంత్రిపరిషత్తు రాజుకు తప్ప ఎవరికీ జవాబుదారీ కాదు. అందరూ కలిసి రాజీనామా చేయడం అనే పద్ధతే లేదు. రాజు ఒక్కొక్కరినీ విడివిడిగా పెట్టుకుంటాడు, విడివిడిగా తీసేస్తాడు.

అసలు తేడా సలహా దగ్గర ఉంది. మన రాజ్యాంగం 74వ అధికరణం ప్రకారం మంత్రిమండలి సలహా మేరకే రాష్ట్రపతి నడుచుకోవాలి. 1976లో 42వ సవరణ ఆ మాటను స్పష్టంగా రాసింది. 1978లో 44వ సవరణ ఒక్కసారి పునఃపరిశీలనకు పంపే వెసులుబాటు ఇచ్చింది, అంతే. పాత రాజుకు అలాంటి కట్టడి లేదు. వినడం అతని ధర్మం, ఒప్పుకోవడం అతని ఇష్టం.

పేరోలగం, మంత్రాంగం ఒకటేనా?

సినిమాల పుణ్యమా అని ఈ రెండూ కలగాపులగం అయ్యాయి. పేరోలగం అంటే నిండు కొలువు. సామంతులు, కవులు, రాయబారులు, వందిమాగధులు అందరూ ఉంటారు. కానుకలు, సన్మానాలు, దర్శనాలు అక్కడ. పొరుగు రాజు మీద దండెత్తాలా వద్దా అన్న మాట అక్కడ ఎవరూ ఎత్తరు. ఆ మాట ఏకాంతంలో, ముగ్గురు నలుగురి మధ్య నడుస్తుంది. అదే మంత్రాంగం. సంస్కృతంలో ‘మంత్రం’ అన్న మాటకు గుట్టుగా చేసే ఆలోచన అనే అర్థం కూడా ఉంది. మంత్రి అన్న పేరు అక్కడి నుంచే వచ్చింది.

మండలిలో ఎంతమంది ఉండాలి?

దీని మీద కౌటిల్యుడి అర్థశాస్త్రంలో (మొదటి అధికరణం, అంటే మొదటి భాగం, 15వ అధ్యాయం) పెద్ద వాదమే ఉంది. చదవడానికి మహా సరదాగా ఉంటుంది. భారద్వాజుడు రాజు ఒక్కడే ఆలోచించుకోవాలంటాడు. మంత్రికి మరో మంత్రి ఉంటాడు, ఆ మంత్రికి ఇంకొకడు ఉంటాడు, అలా గుట్టు జారిపోతుందని అతని భయం. ఒక్కడి ఆలోచనతో పని నెరవేరదని విశాలాక్షుడు కొట్టిపారేస్తాడు. పరాశరుడి మతం (అభిప్రాయం) వాళ్లు మధ్యేమార్గం చెబుతారు: అసలు సంగతి చెప్పకుండా, దానికి పోలిక ఉన్న మరో సంగతి కల్పించి అడగాలట. పిశునుడికి అది నచ్చదు. ఊహా సంగతి అడిగితే మంత్రులు మనసు పెట్టి చెప్పరు, కాబట్టి ఏ పనిలో ఎవరు ఆరితేరారో వాళ్లనే అడగమంటాడు.

కౌటిల్యుడు చివర్లో లెక్క తేలుస్తాడు. ఒక్క మంత్రే ఉంటే చిక్కు విషయాల్లో నిర్ణయం తేలదు, పైగా అతనికి పట్టపగ్గాలు ఉండవు. ఇద్దరుంటే రెండు ప్రమాదాలు: ఇద్దరూ కుమ్మక్కైతే రాజు వాళ్ల చేతిలో చిక్కుతాడు, కొట్టుకుంటే పని చెడుతుంది. ముగ్గురో నలుగురో ఉంటే ఈ రెండూ జరగడం కష్టం. అంతకు మించితే నిర్ణయం ఓ పట్టాన తేలదు, గుట్టూ నిలవదు.

ఈ ముగ్గురు నలుగురు ‘మంత్రులు’. మంత్రిపరిషత్తు వేరు, అది పెద్దది. మానవుల (మనువు శిష్య సంప్రదాయం) మతంలో 12 మంది, బార్హస్పత్యుల (బృహస్పతి సంప్రదాయం) మతంలో 16, ఔశనసుల (శుక్రుడి సంప్రదాయం) మతంలో 20. కౌటిల్యుడు మాత్రం అంకె చెప్పడు, రాజ్యం శక్తిని బట్టి అంటాడు. ఇంద్రుడి పరిషత్తులో వెయ్యిమంది ఋషులుండేవారనీ, వాళ్లే అతని కళ్లనీ, అందుకే రెండు కళ్లవాడిని సహస్రాక్షుడన్నారనీ కూడా అక్కడే చెబుతాడు.

మంత్రికీ పరిషత్తు సభ్యుడికీ నిజంగా అంత తేడా ఉందా?

జీతాల పట్టీ చూడండి (అయిదో అధికరణం, మూడో అధ్యాయం). మంత్రికి 48,000 పణాలు (అప్పటి నాణెం). పురోహితుడు, సేనాపతి, యువరాజు, రాజమాత, పట్టపురాణి కూడా అదే వరసలో ఉంటారు. పన్నులు వసూలు చేసే సమాహర్త, ఖజానా చూసే సన్నిధాత 24,000 వరసలో. మంత్రిపరిషత్తు సభ్యుడికి 12,000. లేఖకుడికి 500. అంటే సభ్యుడి జీతం మంత్రి జీతంలో నాలుగో వంతు, సమాహర్త జీతంలో సగం. పరిషత్తు గొప్ప సభే గాని, రాజు చెవి దగ్గర ఉన్నది అది కాదని ఈ ఒక్క పట్టీ తేల్చేస్తుంది.

మంత్రికి అంత జీతం ఎందుకన్నదానికీ అక్కడే జవాబుంది. ఆ మొత్తం అందుతుంటే వాళ్లు ప్రలోభాలకు లొంగరు, తిరగబడరు అని లెక్క.

ఒక జాగ్రత్త. అర్థశాస్త్రం ‘ఇలా ఉండాలి’ అని చెప్పే గ్రంథం, ‘ఇలా జరిగింది’ అని చెప్పే దస్తావేజు కాదు. మౌర్యుల జీతాలు ఇవేనని పరీక్షలో రాసేస్తే తప్పు. ఆ గ్రంథం ఏ కాలానిదన్నదాని మీదే పండితుల్లో ఏకాభిప్రాయం లేదు. తాళపత్ర ప్రతి 1905లో మైసూరులో ఆర్. శామశాస్త్రి చేతికి వచ్చింది, 1909లో అచ్చయింది.

సభ్యుల్ని ఎలా ఎంచేవారు?

కులం, చదువు, అనుభవం చూశాక ‘ఉపధ’ అనే నాలుగు దొంగ పరీక్షలు పెట్టమన్నారు.

ధర్మోపధలో పురోహితుణ్ణి తీసేసినట్టు నటించి, అతని మనుషుల ద్వారా “ఈ రాజు అధర్మపరుడు, వేరొకరిని నిలబెడదాం, అందరూ ఒప్పుకున్నారు, మీరేమంటారు?” అని గుచ్చి చూస్తారు. అర్థోపధలో ఆ నాటకం సేనాపతి పేరుతో, డబ్బు ఎరగా నడుస్తుంది. కామోపధలో ఒక పరివ్రాజిక (సన్యాసిని) వచ్చి రాణిగారు మీ మీద మనసుపడ్డారని చెబుతుంది. భయోపధ అన్నిటికన్నా గడుసుది: ఒక మంత్రి మిగతావాళ్లను విహారానికి పిలుస్తాడు, రాజు కంగారుపడినట్టు అందర్నీ ఖైదు చేయిస్తాడు, ముందే అక్కడ ఉంచిన గూఢచారి “ఈ రాజును చంపేద్దాం” అని రెచ్చగొడతాడు.

ధర్మపరీక్ష నెగ్గినవాళ్లకు న్యాయస్థానాలు, ధనపరీక్ష నెగ్గినవాళ్లకు వసూళ్లూ ఖజానా, కామపరీక్ష నెగ్గినవాళ్లకు విహారస్థలాల కాపలా, భయపరీక్ష నెగ్గినవాళ్లకు రాజు దగ్గరి పనులు. నాలుగూ నెగ్గినవాడే మంత్రి. నాలుగింటిలోనూ ఓడినవాణ్ణి గనులకో, ఏనుగుల అడవికో, కార్ఖానాలకో పంపమన్నాడు. ఉద్యోగం మాత్రం పోదు, గమనించారా!

ఇక్కడ ఏం చెడుతుందో కూడా కౌటిల్యుడే చెప్పాడు. పరీక్ష కోసం రాజునో రాణినో ఎరగా వాడొద్దన్నాడు. మంచినీళ్లలో విషం కలిపినట్టు, చెడని మనసును మనమే చెడగొడితే దానికి మళ్లీ మందు దొరకదన్నాడు. బయటి వస్తువేదైనా అడ్డం పెట్టుకుని పరీక్షించమని అతని సలహా.

ఒక ఆలోచన మొదలైతే ఏ వరసలో నడిచేది?

మంత్రానికి అయిదు అంగాలు. ఒకటి, పని మొదలుపెట్టే ఉపాయం. రెండు, మనుషులూ సరంజామా. మూడు, ఎక్కడ, ఎప్పుడు. నాలుగు, తలకిందులైతే ఏం చేయాలి. అయిదు, పని నెరవేరినట్టు ఎలా తెలుస్తుంది. రాజు ఒక్కొక్కరినీ విడిగా అడగాలి, అందర్నీ కలిపీ అడగాలి. ఎందుకలా చెబుతున్నారో కారణంతో సహా రాబట్టాలి. తేలాక ఆలస్యం చేయకూడదు. ఎవరికి కీడు చేయబోతున్నామో వాళ్ల పక్షంవాళ్లతో ఆ మాట ఆలోచించకూడదు.

దూరంగా ఉన్న సభ్యులతో ఉత్తరాల ద్వారా సంప్రదించమన్నారు. రాజు దినచర్యలో దీనికి వేళ కూడా ఉంది. పగటిని ఎనిమిది భాగాలు చేస్తే ఒక్కోటి సుమారు గంటన్నర. అయిదో భాగంలో, అంటే మిట్టమధ్యాహ్నం దాటగానే, పరిషత్తుతో లేఖలు నడుస్తాయి, వేగుల కబుర్లు అందుతాయి. అసలు మంత్రాంగం మాత్రం రాత్రి ఏడో భాగంలో, తెల్లవారుజామున మూడు దాటాక. పరిషత్తుకు పగలు, మంత్రులకు నిశిరాత్రి: హోదా తేడా ఇక్కడా కనబడుతుంది.

మరి పరిషత్తు చేసే పనేమిటి? మొదలుకాని పనులు మొదలుపెట్టించడం, మొదలైనవి సాగించడం, సాగినవాటిని మెరుగుపెట్టడం, ఆజ్ఞలు సరిగ్గా అమలయ్యేలా చూడడం. మన మాటల్లో చెప్పాలంటే సమీక్షా సమావేశం.

గుట్టు ఎలా బయటికి పొక్కేది?

ఆలోచన చేసే చోటు పక్షులు కూడా తొంగిచూడలేనట్టు ఉండాలన్నారు. చిలకలూ గోరువంకలూ గుట్టు బయటపెట్టాయని వినికిడి కాబట్టి అట. అది నవ్వు తెప్పించే మాటే. అసలు పాఠం దాని తరవాత ఉంది: గుట్టు ఎక్కువగా జారేది ముఖంలోంచి. దూత ముఖం, మంత్రి ముఖం, రాజు ముఖం. మామూలు నడవడిలో తేడా వస్తే చూసేవాడికి అర్థమైపోతుంది. దానితో పాటు ఏమరుపాటు, తాగుడు, నిద్రలో పలవరింత, ఆడవాళ్ల దగ్గర వాగడం. ఒకప్పుడు అవమానపడినవాడు కక్షతో చెప్పేయడం కూడా ఉంది. అందుకే పని పూర్తయ్యేదాకా ఆలోచనలో పాలుపంచుకున్నవాళ్ల మీద కన్నేసి ఉంచమన్నారు.

ఎక్కువమంది చెప్పిన మాటను రాజు వినాల్సిందేనా?

తొందర పనిలో మంత్రుల్నీ పరిషత్తునూ కలిపి పిలిచి, ఎక్కువమంది ఏది చెబితే అది గానీ, ఏది పని నెరవేరుస్తుందో అది గానీ చేయమని అర్థశాస్త్రం. ఆ ‘గానీ’ చాలు రాజుకు.

నిజంగా జరిగిన ఉదాహరణ ఒకటి రాతి మీదే ఉంది. గుజరాత్‌లోని జునాగఢ్ దగ్గర సుదర్శన తటాకానికి తుపానులో గండి పడింది: 420 మూరల పొడవు, అంతే వెడల్పు, 75 మూరల లోతు. క్రీ.శ. 150 నాటి రుద్రదాముడి శాసనం ప్రకారం, గండి అంత పెద్దది కావడంతో మతిసచివులూ కర్మసచివులూ పని పెట్టుకోవద్దన్నారు. జనం గగ్గోలు పెట్టారు. రుద్రదాముడు మంత్రుల మాట పక్కన పెట్టి, ప్రజల మీద పన్నూ వెట్టీ వేయకుండా తన ఖజానా నుంచి డబ్బు తీసి, సువిశాఖుడనే అధికారి చేత కట్ట వేయించాడు.

ఇందులో రెండు సంగతులు దాగున్నాయి. మతిసచివులు ఆలోచన చెప్పేవాళ్లు, కర్మసచివులు పని నడిపేవాళ్లు. ఆ విభజన అప్పటికే ఉంది. రెండోది, మంత్రులు కాదన్న పనికి రాజు సొంత ఖజానా తెరవాల్సి వచ్చింది. మండలి మాట తోసేయొచ్చు గాని దానికీ ఖరీదుంటుంది. శాసనం రాయించినది రాజే కాబట్టి మంత్రుల వాదన మనకు ఒక్క ముక్కే దక్కింది.

అశోకుడి కాలంలో పరిషత్తు ఉన్నట్టు ఆధారం ఉందా? మన దగ్గర చూడొచ్చా?

ఉంది, చూడొచ్చు. కర్నూలు జిల్లా ఎర్రగుడి దగ్గర గుండ్ల మీద అశోకుడి 14 ప్రధాన శిలాశాసనాలూ ఉన్నాయి. గుత్తి నుంచి పత్తికొండ వెళ్లే దారిలో వస్తుంది. వాటిలో మూడోదీ ఆరోదీ మనకు కావాలి.

పట్టాభిషేకమైన 12 ఏళ్లకు ఇచ్చిన ఆజ్ఞ మూడోది. యుక్తులు, రజ్జుకులు, ప్రాదేశికులు అనే ఉద్యోగులు అయిదేళ్లకోసారి పర్యటించాలని చెప్పి, లెక్కలు చూసే విషయంలో యుక్తులకు పరిషత్తే ఆదేశాలిస్తుందని ముగిస్తుంది. అంటే పరిషత్తుకు కింది ఉద్యోగుల మీద ఆజ్ఞాపించే అధికారం ఉంది.

ఆరోది ఇంకా విలువైనది. తాను నోటిమాటగా ఇచ్చిన ఆజ్ఞ మీదో, మహామాత్రులకు (పెద్ద అధికారులకు) అప్పగించిన తొందర పని మీదో పరిషత్తులో వివాదం లేచినా, మళ్లీ ఆలోచించాలన్నా, ఆ కబురు తనకు వెంటనే అందాలంటాడు. భోజనం చేస్తున్నా, అంతఃపురంలో ఉన్నా, తోటలో ఉన్నా సరే. దీన్ని రాజుగారి పనిరాక్షసత్వానికి ఉదాహరణగా చెప్పి వదిలేస్తుంటారు. మా దృష్టిలో అసలు సంగతి వేరు: రాజు ఆజ్ఞ మీద పరిషత్తులో వాదన జరిగేదని సాక్షాత్తూ రాజే ఒప్పుకుంటున్నాడు. నోటిమాట ఆజ్ఞలతో వచ్చే తంటా కూడా ఇక్కడే కనబడుతుంది. రాసి ఉంటే అర్థం మీద అంత రగడ ఉండేది కాదేమో.

తూర్పు చాళుక్యులు, కాకతీయుల దగ్గర ఏముంది?

వేంగి చాళుక్యుల (తూర్పు చాళుక్యులంటే వీళ్లే) తరవాతి కాలపు రాగిరేకుల్లో దానం ప్రకటించే చోట మంత్రి, పురోహితుడు, సేనాపతి, యువరాజు, దౌవారికుడు (ద్వారం కాపలా చూసే అధికారి) అనే అయిదుగురి ‘సమక్షంలో’ రాజు ఆజ్ఞాపిస్తున్నట్టు ఉంటుంది. వాళ్లు ఒప్పుకున్నారని కాదు, సాక్షులుగా ఉన్నారని. చివర్లో ‘ఆజ్ఞప్తి’ అని ఒకరి పేరుంటుంది. ఆ ఆజ్ఞను అమలు చేయాల్సిన బాధ్యత అతనిది.

కాకతీయుల దగ్గర ‘బాహత్తర నియోగాధిపతి’ అనే పదవి కనబడుతుంది, 72 నియోగాలకు పెద్ద. ఇవి కొలువులోని ఉద్యోగ శాఖలు. దీన్ని 72 మంది సలహా మండలి అని రాస్తే మార్కులు పోతాయి.

మంత్రికి తెలుగులో ప్రెగ్గడ అన్న పేరుండేది. ఎఱ్ఱాప్రెగడ పేరులోనూ, మంత్రిప్రగడ అనే ఇంటిపేరులోనూ మిగిలింది అదే.

విజయనగరంలో ముద్ర ఎవరి చేతిలో ఉండేది?

మంత్రి చేతిలో. పోర్చుగీసు గుర్రాల వ్యాపారి నూనిజ్ దీన్ని వివరంగా రాశాడు. రాజు పక్కన రాయసగాళ్లు ఉంటారు, రాజు నోట వచ్చిన మాటల్లా రాసుకుంటారు. వరమిచ్చినా ఆజ్ఞ ఇచ్చినా వాళ్ల పుస్తకాల్లోనే ఉంటుంది. వరం పొందినవాడికి చేతికిచ్చేది లక్క మీద ఒత్తిన ఉంగరపు ముద్ర ఒక్కటే. ఆ ఉంగరం మంత్రి దగ్గర ఉంటుంది.

దీని పర్యవసానం ఆలోచించండి. రాజు ‘ఇచ్చాను’ అన్నంత మాత్రాన ఊరు రాదు. రాయసం పుస్తకంలో పడాలి, మంత్రి లక్క కరిగించాలి. ఈ రెండు చోట్ల ఎవరైనా పని ఆపగలరు. సలహా మండలి అనే పేరు లేకపోయినా అధికారం అక్కడే పేరుకుంది. ‘రాయసం’ ఇవాళ ఇంటిపేరుగా మిగిలింది. లెక్కలు చూసిన సంప్రతులు మాత్రం నిఘంటువుల్లోకి వెళ్లిపోయారు.

తిమ్మరుసు అంతటివాడికి కళ్లు పోగొట్టుకునే గతి ఎందుకు పట్టింది?

సాళువ తిమ్మరుసు మహాప్రధాని. కృష్ణదేవరాయలు ‘అప్పాజీ’ అన్నాడని మన వాళ్ల మాట. నూనిజ్ కథనంలో, చనిపోబోయే అన్నగారు తమ్ముడి కళ్లు తీయించమంటే తిమ్మరుసు మేక కళ్లు చూపించి రాయల్ని కాపాడాడు. అదే నూనిజ్, చివరికి రాయలే తిమ్మరుసు కళ్లు తీయించాడని రాశాడు. ఆరేళ్ల కొడుకు తిరుమలను బతికుండగానే పట్టం కట్టడం, ఆ పిల్లవాడు చనిపోవడం, విషం పెట్టింది తిమ్మరుసు కొడుకేనని నమ్మడం, నిండు కొలువులో నిందించి బంధించడం, కొన్నేళ్ల చెర, కొడుకు పారిపోయి తిరగబడ్డాక శిక్ష. ఇదీ వరస.

విషం నిజమా కాదా అన్నది తేలే విషయం కాదు. వ్యవస్థ మాత్రం తేటగా కనబడుతుంది. ముద్ర, సైన్యం, దుర్గాలు ఒక్క కుటుంబం చుట్టూ చేరాయి. 1515లో కొండవీడు పట్టుబడ్డాక దాని పాలన తిమ్మరుసు చేతికీ, ఆ తరవాత అతని మేనల్లుళ్లైన నాదెండ్లవారి చేతికీ వెళ్లింది. ఒక్క మంత్రి ఉంటే పట్టపగ్గాలుండవని కౌటిల్యుడు అన్నది ఇందుకే. అనుమానం పుట్టాక మంత్రిని సర్దిచెప్పి దింపే దారి కూడా మిగల్లేదు, చెరసాల తప్ప.

అష్టప్రధానులెవరు? ఎవరి పని ఏమిటి?

1674 జూన్ 6న రాయగఢ్‌లో పట్టాభిషేకం నాటికి శివాజీ పాత పారసీ పదవుల పేర్లను సంస్కృతంలోకి మార్చాడు. కింద బ్రాకెట్లో ఉన్నవి పాత పేర్లు.

ముఖ్య ప్రధాన్ (పేష్వా): మొత్తం పాలన మీద కన్ను. మోరోపంత్ పింగళే.
అమాత్య (ముజుందార్): జమాఖర్చులు.
సచివ (సుర్నిస్): రాజు పేరిట వెళ్లే ఉత్తరాలు సరిచూడడం. అన్నాజీ దత్తో.
మంత్రి (వాకనిస్): రాజు దినచర్య రాయడం, రాజగృహం, విందులు, భద్రత.
సేనాపతి (సర్నోబత్): హంబీర్రావ్ మోహితే.
సుమంత్ (దబీర్): పొరుగు రాజ్యాలు, రాయబారులు.
న్యాయాధీశ్: తగవులు. నిరాజీ రావ్‌జీ.
పండిత్‌రావ్: ధర్మకార్యాలు, దానాలు.

చివరి ఇద్దరికీ తప్ప మిగతా ఆరుగురికీ యుద్ధానికి వెళ్లే బాధ్యత ఉంది. లెక్కలు చూసే అమాత్యుడు కూడా సైన్యం నడపాలి. అందుకే రాజధానిలో వాళ్ల పని చూసేందుకు ముతాలిక్ అనే సహాయకులుండేవారు.

ఉత్తరాల పద్ధతి ముచ్చటైనది. పైన రాజముద్ర, దాని కింద ముఖ్య ప్రధాన్ ముద్ర. రాత ముగిసిన చోట ‘మర్యాదేయం విరాజతే’ అనే చిన్న ముగింపు ముద్ర. ఇక్కడితో హద్దు అని దాని అర్థం. దాని కింద ఎవరైనా ఒక వాక్యం చేరిస్తే అది చెల్లదని చూడగానే తెలిసిపోతుంది. దొంగ రాతలకు అంత చౌకైన మందు ఇంకోటి లేదు.

అంత చక్కని ఏర్పాటు ఎందుకు నిలవలేదు?

శివాజీ పద్ధతిలో రెండు కట్టుబాట్లున్నాయి. పదవి తండ్రి నుంచి కొడుక్కి రాదు. జీతం నగదు, జాగీరు కాదు. ఈ రెండూ ఉన్నంతకాలం ప్రధాని రాజు ఉద్యోగి.

మొదటి పగులు 1680 ఏప్రిల్‌లో శివాజీ పోయిన వెంటనే వచ్చింది. అన్నాజీ దత్తో, మోరోపంత్ చిన్న కొడుకు రాజారామ్ వైపు మొగ్గారు. సేనాపతి హంబీర్రావ్ పెద్ద కొడుకు శంభాజీ వైపు నిలిచాడు. రాజారామ్‌కు అతను సొంత మేనమామ, అయినా సరే. సేన ఎటుంటే గద్దె అటే వెళ్లింది. 1681లో అన్నాజీ దత్తోకు మరణశిక్ష పడింది. వారసుణ్ణి ఎంచే అధికారం మండలికి ఎవరూ ఇవ్వలేదు. ఆ ఖాళీలో వాళ్లు తలదూర్చారు.

రెండోది, రాజారామ్ తమిళ దేశంలోని జింజీ కోటలో ఉండగా వచ్చింది. మొగలుల ఒత్తిడిలో ఖజానాలో నగదు లేదు. సర్దారులను నిలుపుకోవడానికి వతన్లు (వంశపారంపర్య భూమి హక్కులు), జాగీర్లు ఇవ్వక తప్పలేదు. ప్రధానుల పైన ‘ప్రతినిధి’ అనే తొమ్మిదో పదవి పుట్టింది, ప్రహ్లాద్ నిరాజీ కోసం. 1713లో బాలాజీ విశ్వనాథ్ పేష్వా అయ్యాక, 1720లో అతని కొడుకు బాజీరావుకు ఆ పదవి దక్కింది. పదవి వంశానికి అతుక్కుంది. ఎనిమిది కుర్చీల్లో ఒకటి రాజు కుర్చీనే మింగింది.

అష్టదిగ్గజాలు, నవరత్నాలు కూడా సలహా మండళ్లేనా?

కావు. అష్టదిగ్గజాలు కవులు. నవరత్నాలు అన్నది కొలువు కీర్తి కోసం వేసిన లెక్క. ‘అష్ట’ అన్న మాట చూసి అష్టప్రధానులతో కలిపేయడం జవాబుపత్రాల్లో తరచూ కనబడే పొరపాటు.

అక్కన్న మాదన్నల సంగతి?

అబుల్ హసన్ తానీషా (1672–1687) కాలంలో మాదన్న గోల్కొండకు మీర్ జుమ్లా, ఖజానా తాళం అతనిదే. 1677లో శివాజీ హైదరాబాదు వచ్చినప్పుడు ఒడంబడిక కుదర్చడంలో అతని చేయి ఉంది. ఇది మండలి బలం కాదు, ఒక్క మనిషి బలం. 1686లో మొగలులు మీదికి వచ్చినప్పుడు అక్కన్న, మాదన్న అన్నదమ్ములిద్దర్నీ గోల్కొండలో చంపేశారు. ఆ మర్నాటి నుంచి ఆ విధానమూ లేదు.

రాజు స్వయంగా సభలో కూర్చునేవాడా?

కూర్చుంటే ఒక చిక్కు, కూర్చోకపోతే ఇంకో చిక్కు. ఎదురుగా రాజుంటే మనసులో మాట ఎవరూ చెప్పరు. లేకపోతే వాళ్లేం మాట్లాడుకున్నారో రాజుకు తెలియదు. ఇస్తాంబుల్‌లో ఆటోమన్ సుల్తానులు దీనికో మందు కనిపెట్టారు. దివాన్ సభ జరిగే గదిలో వజీరు తల పైన గోడలో జాలీ కిటికీ పెట్టారు. సుల్తాన్ దాని వెనక ఉన్నాడో లేడో కింద కూర్చున్నవాళ్లకు తెలియదు. ఉన్నాడనుకునే మాట్లాడాలి.

నిజాం రాజ్యంలో బాబ్-ఎ-హుకూమత్ ఏమిటి?

1914లో మూడో సాలార్‌జంగ్‌ను దివాన్ (ప్రధానమంత్రి) పదవి నుంచి దింపాక ఏడో నిజాం అయిదేళ్లు తానే పాలన చూశాడు. 1919 నవంబరులో కార్యనిర్వాహక మండలి ఏర్పరిచాడు. అదే బాబ్-ఎ-హుకూమత్, దాని అధ్యక్షుడు సదర్-ఎ-ఆజం. మొదటివాడు సర్ అలీ ఇమామ్. తరవాత వచ్చినవాళ్లలో మహారాజా కిషన్ పర్షాద్, అక్బర్ హైదరీ, మీర్జా ఇస్మాయిల్ ఉన్నారు. చివరివాడు లాయక్ అలీ.

కాగితం ఎలా నడిచేదో తెలిస్తే బలం ఎక్కడుందో తెలుస్తుంది. శాఖ నుంచి విషయం మండలికి వస్తుంది, అభిప్రాయంతో కలిపి ‘అర్జ్‌దాస్త్’గా (విన్నపపత్రంగా) నిజాంకు వెళ్తుంది. నిజాం ‘ఫర్మానా’ (ఉత్తర్వు) వచ్చాకే అమలు. ఈ అర్జ్‌దాస్త్, ఫర్మానాల దారి మండలికి ముందు నుంచే ఉంది: ఉస్మానియా విశ్వవిద్యాలయం కోసం అక్బర్ హైదరీ విన్నపం పెట్టడం, 1917 ఏప్రిల్ 26న ఫర్మానా వెలువడడం ఆ పద్ధతిలోనే. ఫర్మానా రాకుండా కాగితం అక్కడే కూర్చుంటే మండలి చేయగలిగింది తక్కువ.

“ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్తా” అనే మాట ఎక్కడిది?

మద్రాసు రాజధానిలోని (ప్రెసిడెన్సీలోని) తెలుగు జిల్లాల భూమి తగాదాల నుంచి. ప్రివీ కౌన్సిల్ పుట్టుకతో ఇంగ్లండు రాజు ఆంతరంగిక సలహా సభ. 1540 ఆగస్టులో దానికి గుమాస్తాను పెట్టి, తీర్మానాల పుస్తకం మొదలుపెట్టారు. అప్పటి నుంచి అది గుర్తుపట్టగల సంస్థ అయింది. 1833 చట్టంతో దానిలో న్యాయ సంఘం ఏర్పడి, వలసల హైకోర్టుల మీద అప్పీళ్లు వినసాగింది.

సామాన్యుడికి అది అందే ద్రాక్ష కాదు. 1908 సివిల్ ప్రొసీజర్ కోడ్ ప్రకారం సివిల్ దావా విలువ మామూలుగా 10,000 రూపాయలకు తగ్గకూడదు. అందుకే అక్కడికి వెళ్లినవి ఎక్కువగా జమీందారీ దావాలు. 1899లో తేలిన పిఠాపురం దావా న్యాయ విద్యార్థులకు ఇప్పటికీ పాఠమే: పంపకానికి వీల్లేని జమీందారీని పట్టుకున్నవాడు దాన్ని ఇతరులకు రాసివ్వగలడని తీర్పు.

ఆ తీర్పు మాటతీరు చూడండి. ‘మేము తీర్పిస్తున్నాం’ అనరు, ‘ప్రభువుకు వినయంగా సలహా ఇస్తున్నాం’ అంటారు. ప్రభువు పేరిట ఉత్తర్వు తరవాత వస్తుంది. రాజుకు చెప్పే సలహా ఒకే గొంతుతో ఉండాలి కాబట్టి 1966 దాకా భిన్నాభిప్రాయం ప్రకటించే వీలే లేదు. కాగితం మీద సలహా, ఆచరణలో కట్టుబాటు.

భారతదేశం నుంచి అప్పీళ్లు 1949లో ఆగిపోయాయి. నిజాం ప్రజలు లండన్‌కు వెళ్లే పనే లేదు, హైదరాబాదుకు సొంత జుడిషియల్ కమిటీ ఉండేది.

శాసనంలోనో పాత కాగితంలోనో మండలి మాట వస్తే ఎలా చదవాలి?

మొదట క్రియాపదం చూడండి. ‘సమక్షంలో’ అంటే సాక్షులు. ‘విన్నపం మీద’ అంటే ఒకరు అడిగారు, రాజు ఇచ్చాడు. ‘ఆజ్ఞప్తి’ అంటే అమలు చేసేవాడు. ఈ మూడింటిలో ఏదీ సలహా కాదు.

తరవాత పేర్ల వరస. యువరాజు, సేనాపతి ఉండి లెక్కలు చూసేవాడు లేకపోతే అది ఎక్కువగా మర్యాద జాబితా. రాయసం, కరణం పేర్లు చివర్లో ఉంటే ఆ కాగితం నిజంగా దఫ్తరు దాటి వచ్చిందని గుర్తు.

ఒకే బిరుదు ఇద్దరికి కనబడితే కంగారు పడకండి. మహాప్రధాని బిరుదు ఒకే కాలంలో ఇద్దరు ముగ్గురికి ఉండొచ్చు. ముద్ర ఎవరిదో, ఏ ఊరి నుంచి ఇచ్చారో చూడండి. తేదీని శక సంవత్సరం నుంచి మార్చేటప్పుడు 78 కలపండి. పుష్య, మాఘ, ఫాల్గుణ మాసాల్లో అయితే చాలాసార్లు 79 కలపాల్సి వస్తుంది, ఎందుకంటే అప్పటికి ఇంగ్లిషు సంవత్సరం మారిపోతుంది. సంవత్సరం పేరు, తిథి, వారం మూడూ పంచాంగంతో సరిపోయాకే ఆ మంత్రి ఆ రాజు దగ్గర ఉన్నాడని రాసుకోండి.